తాళం వేసిన కార్డు

గెథిన్ ప్రాసర్ నలభై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాడు. తీగలంటే ఆయనకు భయం లేదు. మనుషులతో మాట్లాడాలంటేనే కష్టం. రిటైరయ్యాక ప్రతి శనివారం పొద్దున కుమ్‌ఫెలిన్ చర్చి పక్క గదిలో బల్ల వేసుకుని, ఊళ్లోవాళ్లు తెచ్చిన కెటిళ్లు, రేడియోలు బాగుచేసేవాడు. డబ్బులు తీసుకోడు. టీ ఇస్తే తాగుతాడు. పక్క బల్ల విన్ ప్రాబర్ట్‌ది. ఆయన నోరు మూతపడదు.

జనవరి మొదటి శనివారం నెరిస్ బోవెన్ వానలో తడిసి వచ్చింది. కోటు లోపల్నుంచి ఒక చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది చచ్చిపోయింది బాబాయ్."

డబ్బాలో ఉన్నది పేక పెట్టెంత కంప్యూటరు బోర్డు. దానికి చెమ్మ కొలిచే చిన్న ముక్క తగిలించి ఉంది. డిసెంబరులో విన్ చేసిచ్చాడు. నెరిస్ వాళ్ల రెండో అంతస్తు వాటాలో పడగ్గది గోడ నల్లగా బూజు పట్టింది. తుడిచిన వారానికే మళ్లీ వస్తుంది. కూతురు లౌరికి ఏడేళ్లు. ఆ శరదృతువులోనే ఊపిరాడక రెండుసార్లు ఆసుపత్రిలో పడింది. వేరే ఇల్లు ఇమ్మంటే, ఆ వాటా అద్దెకిచ్చిన సర్కారు ఇళ్ల ఆఫీసువాళ్లు, నువ్వు బట్టలు ఇంట్లో ఆరేస్తావు, కిటికీలు తియ్యవు, తప్పు నీదే అన్నారు. చివరికి ఒక దారి చెప్పారు. తొంభై రోజులు ఒక్కరోజు తెగకుండా గదిలో చెమ్మ ఎంతుందో రాసి తెస్తే చూస్తామన్నారు.

విన్ డబ్బా పందొమ్మిదో రోజు ఆగిపోయింది.

"మీటరులో ముందే వేసిన డబ్బులైపోయి కరెంటు పోయింది బాబాయ్. మళ్లీ వేసేసరికి ఇది లేవలేదు."

గెథిన్ బోర్డులోంచి గోరంత కార్డు లాగి చూశాడు. బోర్డుకు బుర్ర ఆ కార్డే. రాస్తుండగా కరెంటు పోతే కార్డు పాడవుతుంది. అందులో ఉన్న పందొమ్మిది రోజులూ పోయాయి.

"అన్నీ ఉన్న పెద్ద సిస్టమ్ వేశావు నువ్వు" అన్నాడు విన్‌తో.

"తెరా, బొమ్మలూ ఉండాలి కదరా. ఆ పిల్ల చూసుకోవద్దూ?"

"ఇంత బోర్డు మీద అంత సిస్టమా? పొట్టి గుర్రానికి పియానో కట్టినట్టుంది. ఊరికే ఏదో ఒకటి కార్డు మీద రాస్తూనే ఉంటుంది. అందుకే పోయింది."

"మరి నువ్వేం వేస్తావు మహానుభావా? ఆ ఉత్త అక్షరాల సిస్టమా? తెర లేదు, బొమ్మ లేదు. ఆదివారం మన ప్రార్థనలే దానికంటే సందడిగా ఉంటాయి."

"చిన్నదే వేస్తా. వేసి కార్డుకు తాళం పెడతా."

తాళం అంటే, ఆ తర్వాత కార్డు మీద ఎవరూ ఒక్క అక్షరం రాయలేరు. కరెంటు ఎన్నిసార్లు పోయినా కార్డుకు ఏమీ కాదు. కొత్తగా వచ్చిందంతా బోర్డు తన తలలో పెట్టుకుంటుంది, కరెంటు పోగానే మరిచిపోతుంది. అందుకే చెమ్మ లెక్కలు పక్కన గుచ్చిన పెన్ డ్రైవ్‌లోకి పోయేలా చేస్తానన్నాడు.

"బాగానే ఉంది. కానీ తెర లేకపోతే అది రాస్తోందో, నిద్రపోతోందో ఎలా తెలుస్తుంది?"

"పచ్చదీపం మిణుక్కుమంటే రాసినట్టే."

"దీపానిదేముందిరా, నా మరదలు కూడా నేను మాట్లాడుతుంటే తలూపుతుంది."

నెరిస్ నవ్వింది. ఆమె నవ్వగా గెథిన్ చూడటం అదే మొదలు. పెద్దదా, చిన్నదా అన్న గొడవ అక్కడితో అయిపోయింది. గెథిన్ మాటే నెగ్గింది.

ఆ మధ్యాహ్నమే చిన్న సిస్టమ్ కొత్త కార్డులో వేశాడు. తాళం పెట్టాడు. పెన్ డ్రైవ్ గుచ్చి, లెక్కలు అందులోకి పంపమని బోర్డుకు ఒక వరస ఆదేశం రాశాడు. పావుగంటకొకటి చొప్పున మూడు లెక్కలు వచ్చి పడ్డాయి. కళ్లారా చూసుకున్నాడు. అప్పుడు వైరు పీకి, డబ్బా పట్టుకుని నెరిస్ ఇంటికి వెళ్లాడు.

పడగ్గదిలో పనిచేసే ప్లగ్గు ఒక్కటే. దానికి చిన్న హీటరు పెట్టి ఉంది. మంచం మీద లౌరి బొమ్మలకు రంగులేస్తోంది.

"రెండూ ఒకదానికే పెట్టొచ్చా బాబాయ్?"

"వద్దమ్మాయ్. హీటరు లాగే లాగుడికి ఫ్యూజు కొట్టేస్తుంది. డబ్బా ఆగితే రోజులు తెగిపోతాయి."

నెరిస్ పిల్ల వైపు చూసింది. తర్వాత హీటరు పీకి మంచం కిందకి తోసింది.

"తొంభై రోజులే కదా."

"తాతా, ఇది నన్ను కూడా కొలుస్తుందా?" అంది లౌరి.

"నీ ఊపిరి కూడా కొలుస్తుంది. గట్టిగా వదలకు" అన్నాడు గెథిన్. ఆయనకు చేతనైన హాస్యం అంతే.

ఆ చలికాలం ఆయన నాలుగైదుసార్లు వెళ్లాడు. ప్రతిసారీ పచ్చదీపం మిణుక్కుమంటూనే ఉంది. లెక్క తెగుతుందని పెన్ డ్రైవ్ ముట్టుకోలేదు. నెరిస్ మీటరును ఒక్కసారి కూడా ఖాళీ కానివ్వలేదు. వంట తగ్గించింది. స్నానాలు తన తల్లి ఇంట్లో. పిల్లకు రెండు స్వెట్టర్లు, పైన కోటు, దాని మీద దుప్పటి. ఫిబ్రవరిలో లౌరి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. అప్పుడు కూడా డబ్బా ఆగలేదు. నెరిస్ ఆసుపత్రి నుంచి నడిచి వచ్చి మరీ మీటరులో డబ్బులు వేసి వెళ్లింది.

ఏప్రిల్ రెండో వారంలో తొంభై ఒకటో రోజు వచ్చింది. మంగళవారం ఆఫీసులో హాజరు కావాలి. శనివారం పొద్దున్నే గెథిన్ వెళ్లి, తన చేత్తోనే వైరు పీకి, డబ్బా చంకలో పెట్టుకుని చర్చి గదికి వచ్చాడు. పెన్ డ్రైవ్ తన పాత కంప్యూటరుకు గుచ్చాడు.

మూడు లెక్కలున్నాయి. జనవరివి. ఆ బల్ల మీద తీసినవి.

కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. మూడే.

తప్పు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని కూడా పడలేదు. తాళం ముందు పెట్టాడు. వరస తర్వాత రాశాడు. తాళం వేశాక రాసిన వరసను కార్డు ఎలా ఉంచుకుంటుంది? జనవరిలో ఇక్కడ వైరు పీకినప్పుడే దాన్ని మరిచిపోయింది. నెరిస్ ఇంట్లో తొంభై రోజులూ లెక్కలు రాసింది నిజమే. తన తలలోనే రాసుకుంది. ఈ పొద్దున ఆయన వైరు పీకేదాకా అన్నీ అందులో ఉన్నాయి.

విన్ వచ్చి భుజం మీంచి చూశాడు. ఏదో ఒకటి అంటాడని గెథిన్ కాచుకున్నాడు. విన్ టీ తెచ్చి పక్కన పెట్టాడు. అది చల్లారిపోయింది.

గెథిన్ డబ్బా పట్టుకుని మళ్లీ నెరిస్ ఇంటికి వెళ్లాడు. ఆమె తలుపు తీసి, ఆయన మొహం చూసి పక్కకు జరిగింది. వంటింట్లో నిలబడే చెప్పాడు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అంటే, పొద్దున పీకకముందు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె కుర్చీలో కూర్చుంది. లోపలి గదిలో లౌరి దగ్గుతోంది. సన్నగా, ఈల వేసినట్టు.

"మళ్లీ పెడితే?"

"ఎండలొస్తున్నాయమ్మాయ్. జులై దాకా ఏం కొలిచినా గోడ పొడిగానే ఉంటుంది. తప్పు నీదేనని వాళ్లకు మనమే రాసిచ్చినట్టవుతుంది. మళ్లీ అక్టోబరు రావాలి."

ఆమె బల్ల మీద వేలితో గీతలు గీసింది.

"నువ్వే రాసెయ్ బాబాయ్. చెమ్మ తొంభై శాతం, తొంభై రెండు... నీకు తెలీదా ఎంతుంటుందో? గోడ కనబడట్లా?"

ఆయన అప్పటికే చర్చి గదిలో తన బల్ల దగ్గర నాలుగు అంకెలు కొట్టి చెరిపేశాడు.

"కింద నేను సంతకం పెట్టాలి. ఆ రోజుల వాతావరణంతో పోల్చి చూస్తారు. దొరికితే నీ దరఖాస్తే కొట్టేస్తారు. అక్టోబరు కూడా ఉండదు."

"అక్టోబరు" అంది నెరిస్. ఆ మాట తనకు అర్థం కానట్టు అంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు గెథిన్. నెరిస్ లేచి పడగ్గదిలోకి వెళ్లింది. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కిటికీలోంచి ఎండ వచ్చి నల్లటి గోడ మీద పడుతోంది. నెరిస్ మోకాళ్ల మీద కూర్చుని, మంచం కిందనుంచి హీటరు బయటకు లాగింది. దాని మీద మూడు నెలల దుమ్ము. చేతిగుడ్డతో తుడిచి, పొద్దున దాకా డబ్బా ఉన్న ప్లగ్గుకు పెట్టింది.

కడ్డీలు ఎర్రబడటానికి కొంచెంసేపు పట్టింది. కాలుతున్న దుమ్ము వాసన వచ్చింది.

"అమ్మా, ఇప్పుడెందుకు? ఎండగా ఉంది కదా" అంది లౌరి.

"చేతులు పెట్టు" అంది నెరిస్. "పెట్టు, తల్లీ."

పిల్ల చేతులు చాపింది. గెథిన్ ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వెళ్లమని ఎవరూ అనలేదు. కూర్చోమని కూడా అనలేదు.