తలుపు బయటి ట్రంపెట్

ఆ సంగీతశాలలో అందరూ ఆమెను తలుపమ్మ అంటారు. పంతొమ్మిదేళ్లుగా పెద్ద తలుపు దగ్గరే ఉద్యోగం. మూడు నెలల క్రితం భర్త పోయాడు. అయిదో రోజుకే వచ్చి డ్యూటీలో నిలబడింది. "రాయి" అన్నారు తోటివాళ్లు. ఆమె కాదనలేదు. తిన్నది చప్పగా ఉందో ఉప్పగా ఉందో కూడా తెలియడం లేదు మరి.

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కచేరి మొదలైంది. తలుపు మూసిన రెండో నిమిషంలో మెట్లమీద బూట్ల చప్పుడు. వచ్చినవాడు లారీ డ్రైవరు. కొత్త చొక్కా, మడతలింకా పోలేదు. చేతిలో టికెట్టు చెమటకి మెత్తబడింది.

"అమ్మా, కాస్త తలుపు తియ్యండి."

"ఓవర్చర్ అయ్యేదాకా తియ్యకూడదండీ. రూలు."

"అంటే ఏంటది?"

"నాటకానికి తెర లేవకముందు వాయించే సంగీతం. పదమూడు నిమిషాలు."

"మా అమ్మాయి ఉండేదే ఆ మొదటిదాంట్లోనటమ్మా! తర్వాత వాటిల్లో తనకి పనే లేదని కింద టికెట్లు చూసేవాళ్లు చెప్పారు. ఆ కండక్టర్ గారితో ఒక్క మాట చెప్పండి."

"మధ్యలో ఎక్కించుకోడానికి ఇది బస్సు కాదు."

అతను గోడకి జారగిలబడ్డాడు. "ఆరేళ్లయింది పిల్ల నాతో మాట్లాడి. బూర ఊదితే కూడొస్తుందా అన్నాను. నా లారీ హారనూ ఊదుతుంది, దానికెవడిస్తాడు జీతం అన్నాను. నోటిదురద! మొన్న కవర్లో టికెట్టొచ్చింది. ఉత్తరం ముక్క లేదు. టికెట్టొకటే."

తలుపమ్మకి అర్థమైంది. కొత్త ట్రంపెట్ పిల్ల. ఆర్నెల్ల పరీక్షలో ఇదే ఆఖరి కచేరి. ఇవాళ తప్పు పోతే ఉద్యోగం పోయినట్టే.

"మీ అమ్మాయి లోపల లేదు" అంది. "ఇంకో అయిదు నిమిషాల్లో ఇక్కడికే వస్తుంది."

ఆలస్యంగా వచ్చినవాళ్లకి ఏళ్ల తరబడి చెప్పిన కథే ఇతనికీ అప్పజెప్పింది. "ఇది ముట్టడిలో ఉన్న కోట కథ. లోపల గింజ లేదు. తలుపు తియ్యొద్దని కాపలావాడికి ఆజ్ఞ. అప్పుడు బయట బాకా మోగుతుంది, రెండుసార్లు. వచ్చింది శత్రువో చుట్టమో లోపలివాళ్లకి తెలియదు. అందుకే ఆ బాకా వేదిక మీద మోగకూడదు, తలుపవతల నుంచే వినపడాలి అని రాసిపెట్టాడు రాసినాయన. నాటకం మూడు ఆటలకే బోర్లా పడింది. ఈ ఓవర్చర్ ఒక్కటి బతికింది."

"మరి కాపలావాడు తీశాడా?"

"ఏమో. ఆ నాటకం ఇప్పుడెవరూ ఆడటం లేదు."

నిజానికి అతన్ని కిందికి పంపెయ్యాలి. పోయినేడు ఒకాయన ఇక్కడ ఊదుతుంటే కొత్త వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, "లోపల కచేరి జరుగుతుంటే ఇక్కడీ గోలేంటయ్యా!" అని ట్రంపెట్ లాగేసుకున్నాడు. అప్పటినుంచి ఆ కాసేపూ వరండాలో పురుగు కూడా ఉండకూడదు.

పొమ్మనాలనుకుంది. కానీ కాదనడానికైనా లోపల కాస్త నిప్పుండాలి. "ఆ స్తంభం వెనక కూర్చోండి. దగ్గొచ్చినా మింగెయ్యండి" అంది.

పక్కమెట్ల మీంచి ట్రంపెట్ పిల్ల వచ్చింది. తలుపమ్మ తలుపు బెత్తెడు తెరిచి, స్ప్రింగు లాగెయ్యకుండా సందులో పాదం పెట్టింది. లోపలి సంగీతం బయటికి పొంగింది. పిల్ల వేళ్లమీద లెక్కపెట్టుకుంది. ఊదింది. మొదటి పిలుపు తీగలా సాగి లోపలికి వెళ్లింది.

రెండో పిలుపుకి ఇంకా ఇరవై సెకన్లున్నాయి. డ్రైవరు లేచి నిలబడ్డాడు. స్తంభం చాటు దాటి కనిపించాడు.

పిల్ల చూసింది. లెక్కపెడుతున్న వేళ్లు ఆగిపోయాయి. కళ్లలో బెదురు. లెక్కలో ఎక్కడున్నానన్నట్టు తలుపమ్మ వైపు చూసింది.

ఆ వారంలో రిహార్సల్స్‌తో కలిపి తలుపమ్మ ఆ ఓవర్చర్‌ని పదకొండుసార్లు వింది. స్వరాల పేర్లు తెలియవు. డ్రమ్ములు ఉరుముతాయి, వయొలిన్లు మెట్లు దిగుతాయి, అంతా ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోతుంది, అప్పుడు బాకా. ఆమె చెయ్యెత్తింది. డ్రమ్ములు. వయొలిన్లు. నిశ్శబ్దం. చెయ్యి దించింది.

ట్రంపెట్ మోగింది. ఈసారి ఇంకా దగ్గరగా, ఇంకా గట్టిగా.

లోపల సంగీతం ఒక్కసారిగా భళ్లున లేచింది. పిల్ల పెదవులు తుడుచుకుంది. వెంటనే వేదిక మీదికి వెళ్లి చివరి భాగం వాయించాలి. వెళుతూ స్తంభం దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"చొక్కాకి ఇంకా చీటీ ఉంది నాన్నా. పీకెయ్యి" అని పరిగెత్తింది.

డ్రైవరు మెడ వెనక తడుముకుంటూ అలాగే నిలబడిపోయాడు. కాసేపటికి చప్పట్లు మోగాయి. తలుపమ్మ తలుపు బార్లా తీసింది. "వెళ్లండి, ఇప్పుడు వెళ్లచ్చు."

"ఇంకేముందమ్మా లోపల, మా పిల్లది అయిపోయిందిగా" అన్నాడతను. అంతలో ఆమె అడుగు తడబడటం చూశాడు. "కాలికేమైంది?"

"తలుపు నొక్కేసింది."

"నొప్పిగా ఉందా?"

ఆమె వంగి పాదాన్ని నొక్కి చూసుకుంది. మళ్లీ నొక్కింది.

"నొప్పే" అంది, కాస్త ఆశ్చర్యంగా.