గౌన్ల కాపలా

మూడో అద్దాలపెట్టె దగ్గర ఎజ్రా బరువు ఎడమకాలి మీంచి కుడికాలి మీదికి మార్చుకున్నాడు. ఉదయం తొమ్మిది నుంచి ఇది ఎన్నోసారో అతనికి తెలియదు. కొన్నాళ్ళ కిందటి వరకూ రెండు కాళ్ళూ వంతులు వేసుకుని మోసేవి. ఈ వారం ఎడమది మోయడం మానేసింది. పిక్క రాయిలా బిగిసిపోయింది. బూటు అంచు పైన చీలమండ ఎముక వాపులో మునిగిపోయింది.

హాలు చల్లగా, మసకగా ఉంది. ఆ చలి, ఆ మసక వెలుతురు మనుషుల కోసం కాదు, గుడ్డ కోసం. దుబాయ్‌లోని ఆ ప్రైవేటు ప్రదర్శనశాలలో నాలుగు నెలలుగా బాలే నాట్యగత్తెల గౌన్లు పెట్టారు. టూటూలంటారు వాటిని. ఆరు పెట్టెల్లో దాదాపు రెండు వందల ఏళ్ళ చరిత్ర. దానికి ఎజ్రా కాపలా. గార్డు కూర్చోకూడదు, గోడకి ఆనుకోకూడదు, చూడవచ్చినవాళ్ళతో మాట్లాడకూడదు.

కిందటి నెల రెండో పెట్టెలోని గౌనుని ఇద్దరు మనుషులు తెల్లటి చేతితొడుగులు వేసుకుని బయటికి తీశారు. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని చీకటిగదిలోకి తీసుకుపోయి పడుకోబెట్టారు. పాతగుడ్డ అన్నేసి రోజులు నిలబడితే తన బరువుకి తానే చిరిగిపోతుందనీ, దానికి విశ్రాంతి కావాలనీ గైడు చెప్పింది. ఆ సంగతి ఎజ్రా ఆ వారం ఫోన్లో భార్య లీలాకుమారికి చెప్పాడు. ఆమె మొగల్తూరులో లేసు అల్లుతుంది.

"గౌనుకి సెలవిచ్చారా?" అందామె.

"ఇచ్చారు."

"మరి మీకో?"

"నేను గౌనునా ఏంటి?" అన్నాడతను. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇరవై రెండేళ్ళ కిందట అతను రాస్ అల్ ఖైమాలో రాతిక్వారీ పనికి వచ్చాడు. తర్వాత అబూధాబిలో మేడలకి ఇనుము కట్టాడు. 2020లో కరోనాకి ఆ కంపెనీ మూతపడింది. క్యాంపు గదిలో ఐదు నెలలు తలుపు వేసుకుని కూర్చున్నాక, గార్డుల్ని పంపే ఓ కంపెనీ తీసుకుంది. ఈ ఇరవై రెండేళ్ళలో లీలాకుమారి పక్కన ఉన్నది అంతా కలిపితే పదహారు నెలలు. పిల్లలు పుట్టడానికి సెలవులు చాలలేదని ఆమె ఒకసారి నవ్వుతూ అంది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడతనికి యాభై ఆరు. ఇంకో పదమూడు రోజుల్లో వీసా రెన్యువల్. ఒంట్లో బాగాలేదని తెలిస్తే కంపెనీ వీసా చేయించదు, ఈ వయసులో ఇంకొకరు తీసుకోరు. అందుకే కాలి సంగతి ఎవరికీ చెప్పలేదు. లీలాకుమారికి కూడా.

మధ్యాహ్నం రెండు దాటాక ఒకావిడ, తొమ్మిదేళ్ళ కూతురితో వచ్చింది. ఆ పిల్ల పరుగున వచ్చి మొదటి పెట్టెకి రెండు చేతులూ ఆనించింది.

"షర్మిలా, ఇలా రా," అంది తల్లి వెనకనుంచి.

"అద్దం మీద చెయ్యెయ్యకమ్మా," అన్నాడు ఎజ్రా. తెలుగు వినేసరికి నోట్లోంచి తెలుగే వచ్చేసింది.

ఆవిడ అతని చొక్కా మీది పేరు చదివింది. "మనవాళ్ళేనా అండి? మాది పాలకొల్లు. నా పేరు ఫేబా. ఇక్కడ హాస్పిటల్లో నర్సుని. ఇది బాలే నేర్చుకుంటంది. ఇందాక గైడు చెప్పింది నాకే సగం ఎక్కలేదు. దీనికేం చెప్పను?"

గైడు టీకి వెళ్ళింది. ఎజ్రా పైనున్న కెమెరా వైపు ఒకసారి చూశాడు. రోజుకి ఏడుసార్ల చొప్పున నాలుగు నెలలుగా విన్నది గొంతులో అడ్డం పడి ఉన్నట్టుంది. చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇదేనండి మొదటిది. ఇది నకలే అనుకోండి. అసలుది పద్దెనిమిది వందల ముప్పై రెండులో, పారిస్‌లో వేశారంట. గంటలా లేదూ? పిక్కల కిందదాకా పల్చటి తెల్లగుడ్డ, పొర మీద పొర. గాల్లో తేలేదానిలా కనపడాలని. తర్వాత్తర్వాత కాళ్ళపని పెరిగిపోయింది. ఆ పనంతా జనానికి కనపడాలి కదండి, అందుకని మోకాళ్ళదాకా వచ్చింది. అదిగో, ఆ చివరి పెట్టె దగ్గరికొచ్చేసరికి పళ్ళెంలాగా నడుం దగ్గరే ఆగిపోయింది. పది పన్నెండు పొరల వల, వంగిపోకుండా లోపల తీగ."

"టూటూ అని ఎందుకంటారు?" అడిగింది షర్మిల.

"అదడిగితే గైడమ్మ నవ్వేసి పక్కపెట్టెకి వెళ్ళిపోద్దమ్మా. నాకూ తెలీదు."

నాలుగో పెట్టెలో గౌను లేదు. కాలిన గుడ్డపీలికల ఫొటో ఒకటి ఉంది. షర్మిల అక్కడ ఆగిపోయింది.

"అప్పట్లో స్టేజీ మీద గ్యాసు దీపాలండి," అన్నాడు ఎజ్రా. "మంటంటుకోకుండా గౌన్లని మందునీళ్ళలో ముంచమన్నారు. ముంచితే పసుపెక్కి బిరుసైపోతాయంట. ఓ అమ్మాయి ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళది. ప్రాక్టీసులో దీపం తగిలింది. ఎనిమిది నెలలు మంచంలో ఉండి చనిపోయింది."

"అంత చెప్పినా వినలేదా?" అంది ఫేబా.

"బిరుసు గౌనేసుకుని ఎగిరితే చూసేదెవరండి? అదే కదా ఆవిడ బతుకు."

ఐదో పెట్టె వైపు అడుగు వేయబోయి ఆగిపోయాడు. కళ్ళు మూసి తెరిచాడు. ఫేబా అతని ముఖం చూసి, తర్వాత బూటు వైపు చూసింది. అడక్కుండానే వంగి, చీలమండ మీద వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఈ ఒక్క కాలేనా, బాబాయిగారూ? ఎన్నాళ్ళయింది?"

"వారం పైనే అయిందమ్మా."

"ఆయాసం వస్తందా?"

"మెట్లెక్కితే. కొంచెమే."

ఆవిడ గొంతు తగ్గించింది. "లోపల రక్తం గడ్డ కట్టినట్టుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడు. రేపూ ఎల్లుండీ అనకండి. ఇప్పుడే నాతో రండి, ఎమర్జెన్సీలో నేను చూపిస్తాను."

"ఆరింటిదాకా డ్యూటీ అమ్మా."

"మీ పైవాళ్ళతో నేను మాట్లాడతాను."

"వద్దమ్మా. మీరు మాట్లాడితే వాళ్ళకి తెలిసిపోద్ది."

ఫేబా టికెట్టు వెనక తన నంబరు రాసి అతని చేతిలో పెట్టింది. ఆరు కాగానే ఫోను చేయమని మూడుసార్లు చెప్పింది. తలుపు దాటేలోపు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

పావుగంటలో సూపర్‌వైజర్ ఇలియాస్ వచ్చాడు. నిజామాబాద్ మనిషి, చెడ్డవాడు కాదు.

"ఎజ్రాభాయ్, కెమెరాల కనవడ్డవ్. ఆఫీసుల మేనేజర్, ముదీర్ సాబ్ ఫోన్ జేసిండు. వచ్చినోళ్ళతోని ముచ్చట్లు బంద్ జెయ్."

"అలాగే," అన్నాడు ఎజ్రా. "ఇలియాస్‌భాయ్, ఇవాళ ఓ గంట ముందు పోనిస్తావా?"

"ఎందుకు? ఏమైంది?"

అడిగిన తీరులో నిజమైన ఆరా ఉంది. చెబితే పంపించేవాడే. ఎజ్రాకి వీసాకి మిగిలిన పదమూడు రోజులు గుర్తొచ్చాయి.

"ఏంలేదు. ఊరికే."

"ఊరికే అంటే ఎట్లనే? బదులు మనిషి లేడు. రేపు సూద్దాం, ఖలాస్."

ఆరింటిదాకా అతను నిలబడ్డాడు. బరువు మోయడానికి మిగిలింది ఒక్క కాలే కనుక ఇక మార్చుకోలేదు.

కంపెనీ బస్సులో ఆఖరి సీటు దొరికింది. కూర్చోగానే ఒళ్ళంతా ఎవరో విప్పి పక్కన పెట్టినట్టయింది. టికెట్టు తీసి నంబరు చూశాడు. హాస్పిటల్‌కి వెళితే కాగితం పుడుతుంది. ఆ కాగితం కంపెనీకి చేరుతుంది. టికెట్టు జేబులో పెట్టుకుని, కిటికీకి తల ఆనించాడు. బయట ఎండ ఎర్రబడుతోంది. దారిలో అతను ఒకసారి గట్టిగా ఊపిరి లాగడం పక్కనున్నవాడు విన్నాడు. నిద్రలో అనుకున్నాడు.

సోనాపూర్‌లో, లేబర్ క్యాంపు దగ్గర అందరూ దిగారు. డ్రైవర్ "యల్లా, యల్లా," అని రెండుసార్లు కేకేసి, విసుక్కుంటూ వెనకదాకా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

లీలాకుమారికి ఇలియాస్ ఫోను చేశాడు. ఆమె ఏడుస్తుందనుకుని ఆగాడు. ఏడవలేదు.

"నిలబడి ఉండగానా, కూర్చున్నాకా?" అని అడిగిందామె.

"కూసున్నంకనే అమ్మా. బస్సుల."

"పోన్లెండి," అంది.

మర్నాడు తొమ్మిదింటికి మూడో పెట్టె దగ్గర వేరే గార్డు నిలబడ్డాడు. రెండు జతల యూనిఫాం వెనక్కి తెమ్మని ఆఫీసు చెబితే ఇలియాస్ సోనాపూర్ గదికి వెళ్ళాడు. ఒక జత శవంతో పోయింది. రెండోది మంచం పక్కన మేకుకి వేలాడుతోంది. మడత పెడదామని ప్యాంటు చేతిలోకి తీసుకున్నాడు. ఎడమకాలి కుట్టు కిందనుంచి మోకాలిదాకా విప్పి ఉంది. ఆ సందులో నాలుగువేళ్ళ వెడల్పున వేరే నల్లగుడ్డ వేసి, కనపడకుండా ఉండాలని కాబోలు, సన్నగా, దగ్గర దగ్గరగా చేత్తో కుట్టి ఉంది.