జ్వరపు పుటలు

నమ్రత పదకొండేళ్లుగా ఒకే మనిషి రాతలు చదువుతోంది. ఆయన పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ ప్రభువు, ఎర్ల్ ఆఫ్ థార్న్‌బీ. రాజు కొలువులో మంత్రి. అంతర్యుద్ధంలో రాజు ఓడిపోతే ఫ్రాన్స్‌కు పారిపోయి, రాజరికం తిరిగొచ్చాక వెనక్కి వచ్చి మళ్లీ పదవిలో కూర్చున్నాడు. ఈ మధ్యలో తీరిక దొరికినప్పుడల్లా రాశాడు. రెండు నాటకాలు, ఒక సంచీడు పద్యాలు, ప్రత్యర్థుల మీద లెక్కలేనన్ని కరపత్రాలు. నాటకాలు ఇప్పుడెవరూ చదవరు. కరపత్రాలు చరిత్రకారులకు తప్ప పనికిరావు. ఆయన పేరు నిలబెట్టింది ఫ్రాన్స్‌లో జబ్బుపడి ఉన్నప్పుడు రాశాడని చెప్పే ఇరవై రెండు చిన్న వ్యాసాలు. వాటిని ‘జ్వరపు పుటలు’ అంటారు. మంచం మీదున్న ఒక రోగి గురించి, అతని దాహం గురించి, అతని భయం గురించి ఎవరో పక్కనుంచి చూసినట్టు ఉంటాయి. తన బాధను తానే బయటి నుంచి చూడగలిగిన గొప్ప మనసని పండితులు మూడు వందల ఏళ్లుగా మెచ్చుకుంటున్నారు. నమ్రత కూడా తన పీహెచ్‌డీలో అదే రాసింది.

ఆ రాతప్రతి షికాగోలో ఒక పాత లైబ్రరీలో ఉంది. నమ్రత హైదరాబాదులో ఎమ్మే చేసి అమెరికా వచ్చి, షికాగో దగ్గర ఒక చిన్న కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరింది కూడా దానికోసమే. ఉద్యోగంలో ఆరో ఏడు నడుస్తోంది. వచ్చే జనవరిలో టెన్యూర్ ఇవ్వాలో వద్దో కమిటీ తేలుస్తుంది. ఇస్తే ఉద్యోగం జీవితాంతం ఉంటుంది, లేకపోతే ఇంకొక్క ఏడాది ఉంచి పంపేస్తారు. ఆమె రాసిన వ్యాసాల్లో చెప్పుకోదగ్గది ఏదీ లేదని డిపార్ట్‌మెంట్ హెడ్ అప్పటికే ఒకసారి మెల్లగా చెప్పాడు.

ఉమామహేశ్వరి ఆమెకు ఆ లైబ్రరీలోనే పరిచయమైంది. అరవై మూడేళ్ల మనిషి. నేపర్‌విల్‌లో ఉంటుంది. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త శ్యామ్‌సుందర్ పోయాక ఇంట్లో ఒక్కతే కూర్చోలేక, పాత చేతిరాతలు చదవడం నేర్పే క్లాసులో చేరింది. ఆ తర్వాత ప్రతి గురువారం రైలెక్కి వచ్చి, లైబ్రరీవాళ్లకు రాతప్రతులు ఎత్తిరాసి పెట్టేది. జీతం లేని పని. డాక్టర్ల రాత ముప్పై ఏళ్లు చదివినదానికి ఇదో లెక్కా అని నవ్వేది. పక్క బల్ల దగ్గర తెలుగు పిల్ల కనిపించేసరికి మధ్యాహ్నం తన డబ్బాలో పులిహోర సగం ఇవ్వడం మొదలుపెట్టింది. తినేటప్పుడు భర్త సంగతులు చెప్పేది. ఆయన్ని చివరి రోజుల రోగుల్ని చూసుకునే హాస్పిస్‌కి పంపకుండా పదకొండు నెలలు ఇంట్లోనే చూసుకుంది. నమ్రత వింటూ తినేది.

మార్చిలో ఒక గురువారం ఉమామహేశ్వరి తన బల్ల దగ్గర నుంచి చెయ్యి ఊపి పిలిచింది. ఆమె ముందు జ్వరపు పుటల తొమ్మిదో వ్యాసం తెరిచి ఉంది. అందులో ఒక వాక్యం మీద వేలు తగలకుండా చూపించింది. రోగికి నీళ్లు పట్టేటప్పుడు తల ఎత్తకూడదు, భుజం ఎత్తాలి అని ఉందక్కడ.

“ఇది మీ దొరగారు రాసింది కాదమ్మా,” అంది ఉమామహేశ్వరి.

నమ్రత నవ్వి, ఎందుకని అడిగింది.

“పడుకున్నవాడికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? ఎత్తినవాళ్లకే తెలుస్తుంది. ఇక్కడ చూడు, వీపు ఎర్రబడకముందే పక్కకి తిప్పాలంటున్నారు. తన వీపు తనకి కనపడదు కదా. ఇదంతా నైట్ డ్యూటీ చేసినవాళ్ల రాత.”

తర్వాత ఆమె పుస్తకం వెనక పేజీలు తిప్పింది. అక్కడ బార్లీ, కొవ్వొత్తులు, ఉతికిన దుప్పట్లు అంటూ ఇంటి జాబితాలున్నాయి. పనిమనిషి ఎవరో ఖాళీ పేజీలు వాడుకుందని పండితులు వాటిని వదిలేశారు. జాబితాలోనూ వ్యాసంలోనూ ఒక అక్షరం తోక ఒకే తీరుగా ఎడమకు మెలితిరిగి ఉంది. జాబితా చివర ఏగ్నెస్ అని సంతకం ఉంది.

నమ్రత ఆ రెండు పేజీలనూ మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్లుగా తానూ ఆ పేజీలు తిప్పింది. చూడలేదు.

ఆ తర్వాత రెండు నెలలు ఆమె నిజంగానే కష్టపడింది. ఎర్ల్ వైద్యుడు రాసిన ఒక ఉత్తరం వెతికి పట్టింది. ఆ వారాల్లో ప్రభువు సంతకం కూడా చేయలేకపోయాడని అందులో ఉంది. వ్యాసం తయారైంది. మొదటి ప్రతిలో ఉమామహేశ్వరి గురించి ఒక పేరా ఉంది, రెండో ప్రతికి అది ఒక వాక్యమైంది. పరిశోధన పత్రికవాళ్లు వ్యాసం పొడవు తగ్గించమన్నారు. తగ్గించమన్నారు గానీ ఆ వాక్యమే తీయమని ఎవరూ చెప్పలేదు. నమ్రతే తీసింది. పుస్తకం రాసినప్పుడు ముందుమాటలో బాగా రాయొచ్చని తనకు తాను చెప్పుకుంది. వ్యాసం పంపేసింది.

వ్యాసం జూన్‌లో వచ్చింది. మూడు శతాబ్దాల నమ్మకాన్ని ఒక పనిమనిషి జాబితాతో తలకిందులు చేసిందని నలుగురూ మాట్లాడుకున్నారు. హెడ్ తన గదిలోంచి లేచి వచ్చి మరీ చెయ్యి కలిపాడు. అక్టోబరులో, ఒక శనివారం మధ్యాహ్నం, అదే లైబ్రరీలో ప్రసంగం ఏర్పాటైంది.

ఉమామహేశ్వరి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. స్నేహితురాలు జయంతిని, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి రెండో వరసలో కూర్చుంది. నమ్రత ఆమెను చూసి నవ్వింది. ఇప్పుడు ఆమె పేరు చెబితే వ్యాసంలో ఎందుకు లేదని అడుగుతారు. నలభై నిమిషాల ప్రసంగంలో ఆ పేరు రాలేదు.

చివర్లో ఒక ముసలి ప్రొఫెసర్ లేచాడు. ఆ పేజీలు తామంతా చూశామనీ, ఎవరికీ తట్టనిది ఆమెకెలా తట్టిందో చెప్పమనీ మర్యాదగా అడిగాడు. హాలంతా నమ్రత వైపు చూసింది.

ఆమె నోరు తెరిచేటప్పటికి ఏం చెప్పాలో అనుకోలేదు. తనకు బాగా దగ్గరి మనిషి ఒకరు జబ్బుపడితే నెలల తరబడి పక్కన కూర్చున్నానని చెప్పింది. భుజం కింద చెయ్యి పెట్టి ఎత్తి నీళ్లు తాగించానని, ఆ వాక్యం చదవగానే తన చెయ్యి గుర్తొచ్చిందని చెప్పింది. గొంతు సరైన చోట వణికింది కూడా. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

నమ్రత ఎప్పుడూ ఏ రోగి పక్కనా కూర్చోలేదు.

చప్పట్లు ఆగాక ఆమె రెండో వరస వైపు చూడలేకపోయింది. చివరికి చూసేసరికి ఉమామహేశ్వరి ఒళ్లో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. జయంతి ఏదో అడుగుతోంటే, రైలు టైమైందని చెప్పి, చీర సర్దుకుని లేచింది. నమ్రత ముందు నుంచే ఆగకుండా వెళ్లిపోయింది.

తర్వాతి గురువారం ఆమె లైబ్రరీకి రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. నమ్రతకు అన్నం దగ్గర, క్లాసులో, స్నానం చేస్తున్నప్పుడు తన గొంతే వినిపించేది. ఆ వణుకు వినిపించేది. సహోద్యోగి ఒకావిడ ఆ దగ్గరి మనిషి పోయారనుకుని, సంతాపం తెలుపుతూ పూలగుత్తి పంపింది. దాన్ని చెత్తబుట్టలో వేయడానికీ ముఖం చెల్లలేదు, బల్ల మీద ఉంచడానికీ చెల్లలేదు. భర్త తేజేశ్వర్‌కు విషయమంతా చెప్పింది. అతను అంతా విన్నాడు. తర్వాత, పత్రికకి మెయిల్ పెట్టి పేరు యాడ్ చేయిస్తే సరిపోతుంది, ప్రసంగంలో అన్నది ఎవరికి గుర్తుంటుందన్నాడు. అతను తనను కాపాడాలనే అంటున్నాడని తెలిసి కూడా నమ్రతకు ఆ మాట మరింత సిగ్గుగా తోచింది. తానూ ముందు అలాగే ఆలోచించింది.

మూడో గురువారం ఆమె రైలెక్కి నేపర్‌విల్ వెళ్లింది. ఉమామహేశ్వరి తలుపు తీసి, లోపలికి రమ్మని, టీ పెట్టింది. కప్పు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఆంటీ, మీ పేరు వ్యాసంలో లేకపోవడం...” అని నమ్రత మొదలుపెట్టింది.

“అది నాకు జూలైలోనే తెలుసు,” అంది ఉమామహేశ్వరి. “లైబ్రరీలో వాళ్లే చూపించారు. టెన్యూర్ టెన్షన్‌లో మర్చిపోయావేమో అనుకున్నా. మీటింగ్‌లో చెప్తావులే అనుకుని జయంతి వాళ్లని కూడా తీసుకొచ్చా.”

నమ్రత తల వంచుకుంది. కప్పు కింద పెట్టేసింది.

“పేరు పోతే పోయిందిలే అనుకోగలను. కానీ మా ఆయన్ని ఎత్తింది నేను. పదకొండు నెలలు. వీపు మీద ఒక్క బెడ్‌సోర్ రానివ్వలేదు. ఆ చెయ్యి నీదని అంతమంది ముందు చెప్పావు. ఎందుకు చెప్పావు?”

“తెలియదు ఆంటీ. నోట్లోంచి వచ్చేసింది.”

“తెలియకపోవడమేంటి?”

నమ్రత అప్పుడు నిజం చెప్పింది. ఆ క్షణంలో అందరూ తనను మెచ్చుకోవాలనిపించిందనీ, చెప్పుకోవడానికి తనదంటూ ఏమీ లేకపోయిందనీ అంది. క్షమించమని అడగబోయి ఆగిపోయింది. అడిగితే ఆవిడ మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించింది.

ఉమామహేశ్వరి కోప్పడలేదు, ఓదార్చలేదు. చేయాల్సింది చేయమనీ, తనకు చెప్పి చేయనక్కర్లేదనీ మాత్రం అని, గుమ్మం దాకా వచ్చి తలుపు వేసుకుంది.

ఉత్తరం రాయడానికి నమ్రతకు నాలుగు రోజులు పట్టింది. మొదట రాసిన వాటన్నిటిలో ‘పొరపాటున’ అన్న మాట ఏదో ఒక చోట దూరింది. చివరికి అది లేకుండా రాసింది. కనిపెట్టింది ఉమామహేశ్వరి అని, ఆ పేరును తాను తెలిసి తీసేశానని, ప్రసంగంలో చెప్పిన అనుభవం తనది కాదని రాసి, పత్రికకూ, లైబ్రరీకీ, హెడ్‌కూ, ప్రశ్న అడిగిన ముసలి ప్రొఫెసర్‌కూ పంపింది. ప్రొఫెసర్ ఒక్క ముక్క జవాబిచ్చాడు, చెప్పినందుకు థాంక్స్ అని. హెడ్ మాత్రం గదిలోకి పిలిచి, తలుపు మూసి, ఆమె ముఖం చూడకుండా మాట్లాడాడు. జనవరిలో టెన్యూర్ నిరాకరించారు. కారిడార్‌లో ఎదురైన వాళ్లు ఫోన్లు తీసి చూసుకునేవారు. పూలు పంపినావిడ మెట్ల వైపు తిరిగిపోయేది. ఎవరినీ తప్పుపట్టడానికి నమ్రతకు ఏమీ దొరకలేదు.

పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, ఇద్దరి పేర్లతో మళ్లీ వేస్తామంది. మొదటి పేరు ఉమామహేశ్వరిది. ఆమెకు ఈ సంగతి ఎలా తట్టిందో ఒక పేరాలో చెప్పాలని ఎడిటర్ కోరాడు. నమ్రత ఫోన్ చేసింది.

“నర్సుగా చేశానని రాయి. ముప్పై ఏళ్లు అని రాయి,” అంది ఉమామహేశ్వరి. “మా ఆయన సంగతి వద్దు. అది ఎవరికోసమూ కాదు.”

నమ్రత సరేనంది. ఎడిటర్ రెండుసార్లు అడిగినా అంతకు మించి రాయలేదు.

వ్యాసం వసంతంలో వచ్చింది. ఏగ్నెస్ గురించి ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఇద్దరు విద్యార్థులు పరిశోధన చేస్తున్నారట. మిగిలిన ఆ ఒక్క ఏడాదీ గడిచాక నమ్రత, రెండేళ్ల కోర్సులుండే ఒక కమ్యూనిటీ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు వ్యాసం రాయడం నేర్పుతోంది. ఉమామహేశ్వరి మళ్లీ లైబ్రరీకి వస్తోంది. కొత్త కాలేజీలోనూ నమ్రతకు గురువారాలు క్లాసుండదు. తనూ వెళ్లొచ్చా అని మెసేజ్ పెడితే, లైబ్రరీ అందరిదీ అని జవాబొచ్చింది. వెళ్లి ఉమామహేశ్వరి బల్లకే ఒక కొసన కూర్చుంది. ఆవిడ తన డబ్బా తనే తెచ్చుకుని తనే తిన్నది. మూడు గంటలప్పుడు ఒక రాతప్రతిని కాస్త ఇటు జరిపి, ఈ మాటేమిటో చూడమంది. నమ్రత వంగి చూసింది. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. అర్థం కావట్లేదని చెప్పింది. ఉమామహేశ్వరి తలూపి, రాతప్రతిని తన ముందుకు లాక్కుని, పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టి తర్వాతి లైనుకు వెళ్లింది.