ఏడుసార్లు చూసిన మెరక

నేను ఒక డంపీ లెవెల్‌ని. కాలువలు తవ్వేటప్పుడు నేల ఎక్కడ మెరకో, ఎక్కడ పల్లమో చూపించే ఇత్తడి దుర్భిణిని. మూడు కాళ్ళ మీద నిలబడతాను. నా అద్దాల్లోంచి చూస్తే లోకం తలకిందులుగా కనిపిస్తుంది. ఆకాశం కింద పారుతుంటుంది, పైనుంచి తుమ్మచెట్లు వేలాడుతుంటాయి, కొంగలు వెల్లకిలా ఎగురుతాయి. ఇప్పుడు ఒక కాలేజీలో అద్దాల బీరువాలో పడి ఉన్నాను. పనిలేనివాళ్ళకు కలలెక్కువ. నా కలల్లోకి ఎప్పుడూ ఒకే కాలువ వస్తుంది, ఒకే మనిషి వస్తుంది.

నన్ను ఉత్తరాదిన ఎక్కడో పోతపోశారు. చెక్కపెట్టెలో రైలెక్కి పల్నాడు వచ్చాను. ముప్పయ్యేళ్ళు మగ ఇంజనీర్ల కళ్ళకే అలవాటు పడ్డాను. వాళ్ళు హడావిడిగా చూసి వెళ్ళేవారు. లెక్క తప్పితే, ఈ ముసలిదానికి చూపు మందగించిందని నన్ను తిట్టేవారు. పడ్డాను. పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారు కదా.

తర్వాత వకుళ వచ్చింది. మా ఆఫీసుకు మొదటి ఆడ ఇంజనీరు. నా కాళ్ళను తన ఎత్తుకు తగ్గించుకుని, నేను వంకర లేకుండా నిలిచానో లేదో చూపే గాజు గొట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా మరలను ఓపిగ్గా తిప్పేది. ఆ వేళ్ళు నాకెంత నచ్చాయో చెప్పలేను. దూరంగా గీతల కర్ర పట్టుకుని నిలబడే ఖలాసీ మస్తాన్‌కు కూడా ఆమె అంటే గౌరవం.

కొత్త పిల్లకాలువకు నీళ్ళు వదిలేముందు ఆమె మట్టాలు చూసింది. మలుపు దగ్గర కాలువ అడుగు జానెడు మెరకగా ఉంది. నీళ్ళు అక్కడే ఆగిపోతాయని, శివారు పొలాలకు చుక్క అందదని పై అధికారి నాగభూషణం గారికి చెప్పింది. ఆయన నవ్వారు. చెడ్డమనిషేం కాదు, ఆమెకు ఎండ తగలకూడదని గొడుగు పంపించే రకం.

"ఎండకు కళ్ళు చెదిరుంటాయిలేమ్మా. మళ్ళీ చూడు."

మళ్ళీ చూసింది. జానెడే. ఇంకోసారి చూడమన్నారు. అలా ఏడుసార్లు చూసింది. అంకె మారలేదు గానీ చూసే మనిషి మారిపోయింది. మొదటిసారి అంకెను గట్టిగా చెప్పిన గొంతు, ఏడోసారికి "అనుకుంటాను సార్" అంది. అప్పుడు ఇంకో ఇంజనీరును పంపారు. అతను బుడగ వంకైనా చూడకుండా నాలోకి తొంగిచూసి, "అంతా సమంగానే ఉంది సార్" అన్నాడు. ఒక్కసారికే నమ్మారు. అతను రాసిన లెక్క కిందే వకుళ కూడా సంతకం పెట్టింది. మగవాళ్ళ లెక్క తప్పితే తప్పు నాది, ఆమె లెక్క సరిపోయినా తప్పు ఆమెది. ఇన్నాళ్ళూ తలకిందులుగా చూసేది నేనొక్కదాన్నే అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె బుక్కులో రాసిన అంకెను చెరిపి మళ్ళీ అదే రాసేది. ఇంటికి తాళం వేశానో లేదోనని దారిలోంచి జీపు వెనక్కి తిప్పించేది. కూరలో ఉప్పు వేసింది కూడా గుర్తుండటం లేదని మస్తాన్‌తో చెప్పి నవ్వింది. ఆ నవ్వు వింటే నాకు దుఃఖం వచ్చింది.

నీళ్ళు వదిలిన రోజు నేను గట్టు మీదే ఉన్నాను. నా అద్దంలో అవి ఆకాశం మీద పాకుతూ, నురగ మోసుకుంటూ మెల్లగా వచ్చాయి. మలుపు దగ్గర ఆగిపోయాయి. శివారు రైతులు గట్టెక్కి కేకలు వేశారు. నాగభూషణం గారు వకుళ వైపు తిరిగారు.

"ఇంత తేడా ఉంటే గట్టిగా చెప్పాలి కదమ్మా!"

 నీళ్ళు కట్టేశాక, ఎంత తవ్వాలో తేల్చడానికి ఆమె నన్ను నిలబెట్టి చూసింది. నా అద్దం తుడిచి మళ్ళీ చూసింది.

"మస్తాన్, నువ్వొచ్చి ఓసారి చూడు. నాకు సరిగ్గా కనపడట్లేదేమో."

మస్తాన్ కర్ర వదలకుండానే అరిచాడు. "ఆ అంకెలు నాకేం తెలుసు మేడంగారూ? మీరు చూసిందే నిజమని నీళ్ళే చెప్పినయ్ గదా!"

ఆమె అంకె రాసింది. చెరపలేదు.

గట్టు మీంచి నాగభూషణం గారు అలవాటుకొద్దీ అన్నారు. "ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూడమ్మా."

"చూడను సార్," అంది వకుళ. "జానెడు. తవ్వించండి."

రైతులంతా అటు తిరిగి చూశారు. ఆ గొంతులో బెదురు ఎవరికీ వినపడలేదు. ఆమె చెయ్యి మాత్రం నా మీదే ఉంది. మాట అయిపోయాక ఆ వేళ్ళు నా మరను ఇంకోసారి తిప్పబోయి ఆగాయి. బుడగ నడిమినే ఉంది.