ఊక బూడిద బాన

భర్త బెన్హర్ పోయిన మూడు నెలలకు ఏంజెలిన్ మళ్ళీ బర్నర్ ముందు కూర్చుంది. కూర్చోమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. నవంబరు వచ్చింది. నెల్లూరులో క్రిస్మస్ సామాన్లు అమ్మే అంగడివాళ్ళు ఎప్పటిలా ఫోన్ చేసి చెట్టుకు కట్టే గాజు బుడగలు ఎన్ని ఇస్తారని అడిగారు. ఆమె ఏదో ఒక అంకె చెప్పింది, అంతే.

పెళ్ళయిన ఆరేళ్ళుగా భర్త పక్కన కూర్చుని నేర్చుకున్న పని, చేతులకు తెలుసు. గాజు గొట్టాన్ని మంటలో తిప్పడం, మెత్తబడ్డాక బయటికి తీసి ఊదడం, నిమ్మకాయంత బుడగ కాగానే మెడ దగ్గర సాగదీసి తెంపడం. చెక్క మీద పెడితే నిమిషంలో చల్లారుతుంది. ఉల్లిపొర లాంటి గాజు, ఎక్కడా మందం ఉండదు. వేడెక్కడమూ చల్లారడమూ అంతా ఒక్కసారే కాబట్టి పగలదు.

లావు గాజు అట్లా కాదు. పైన చల్లబడి బిగుసుకుంటుంది, లోపల ఇంకా వేడి ఉంటుంది. ఆ పెనుగులాట కంటికి కనబడదు. గంటకో వారానికో, ఎవరూ ముట్టుకోకుండానే టిక్కుమని చీలుతుంది. అందుకని లావువాటిని మాగబెట్టాలి. ఆ మాట బెన్హర్‌ది. అతను చెన్నైలో ల్యాబు గాజుసామాన్లు చేసేచోట ఎనిమిదేళ్ళు పనిచేశాడు. అక్కడ దానికి కరెంటు కొలిమి ఉండేదట. మైపాడు దారిలోని సొంత ఊరికి వచ్చి రేకుల షెడ్డు వేసుకున్నాక, రైసుమిల్లు ఊక బూడిదతో ఒక మట్టిబాన నింపాడు. ఊకపొయ్యి మీద బానను బాగా కాగనిచ్చి, చేసిన వస్తువును మంటలోంచి తీసింది తీసినట్టే ఆ బూడిదలో పూడ్చేవాడు. పైన మూత, మూత మీద గోనెపట్టా. పొయ్యి దానంతటది ఆరిపోవాలి. మర్నాడు పొద్దునగానీ తియ్యకూడదు. మామిడికాయలు గడ్డిలో మాగినట్టు.

ఆ బానకు ఒక కట్టుబాటు ఉండేది. పెట్టిన చెయ్యే తియ్యాలి. అది ఏంజెలిన్ వల్లే వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆగలేక సాయంత్రమే మూత తీసి, బూడిద కెలికింది. లోపల చిటపటమన్నాయి. ఏడు పగిలాయి. బెన్హర్ కోప్పడలేదు, ఊరంతా చెప్పి నవ్వించాడు. "మా ఇంటామె అన్నం ఉడికిందో లేదో మూడుసార్లు చూసే రకం. గాజును గూడా మెతుకు పట్టి చూసింది."

ఆగస్టులో ఆ రోజు పదకొండు గంటలప్పుడు అతను బాన మూసి, గ్యాస్ అయిపోయిందని ఖాళీ సిలిండర్‌ను బండికి కట్టుకున్నాడు. షెడ్డు గుమ్మంలో ఆగి, "నేనొచ్చిందాకా తియ్యబాక మే," అన్నాడు. ఆమె గొట్టాలు తుడుస్తూ ఆఁ అంది. ఇందుకూరుపేట దాటకముందే రొయ్యల ఐసు బండి గుద్దింది.

బాన అట్లాగే ఉంది.

షెడ్డు ఊడ్చేటప్పుడు ఏంజెలిన్ దాని చుట్టూ ఊడ్చేది. చీపురు కూడా తగలనిచ్చేది కాదు. సమాధుల దగ్గర అందరూ ఏడుస్తుంటే తను చెప్పుల్లో పడిన ఇసుక దులుపుకోవడం ఆమెకు గుర్తుంది. ఆ తర్వాత రోజులన్నీ ఒకటే రంగు. అన్నం తినేది, కూర ఏమిటంటే చెప్పలేకపోయేది. ఇంకో బాన తెచ్చుకోమని అత్త ఎలిశబెతు రెండుసార్లు అంది. ఏంజెలిన్ సరేనంది, తేలేదు. పల్చటి బుడగలే చేసింది. వీటికి మాగబెట్టే పని లేదని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పింది. అది నిజమే కదా.

డిసెంబరు మొదటి వారంలో పాస్టరుగారి భార్య రెబెక్కమ్మ వచ్చింది. గుళ్ళో ప్రతి క్రిస్మస్‌కూ ఎత్తే నక్షత్రానికి పన్నెండు గాజు చుక్కల తోక ఉంటుంది. బొటనవేలంత లావు చుక్కలు, పదేళ్ళ కిందట బెన్హర్ చేసి ఇచ్చాడు. కడిగేటప్పుడు చెయ్యి జారి ఒకటి పగిలిందట. ఇంకొకటి కావాలి. ఏంజెలిన్ సరేనంది.

చుక్క చెయ్యడానికి అరగంట పట్టింది. కొక్కెం కూడా కుదిరింది. పట్టుకారుతో ఆ వేడిచుక్కను పట్టుకుని బాన వైపు చూసింది. అక్కడికి నాలుగడుగులు. ఆమె మళ్ళీ కూర్చుని మంటకు గాలి తగ్గించింది. పసుప్పచ్చటి మెత్తటి మంటలో, మసి పట్టి నల్లబడిందాకా చుక్కను తిప్పింది. ఆ తర్వాత మేకుకు తగిలించింది. మాగబెట్టడం కుదరనప్పుడు అట్లా కూడా చేస్తారని బెన్హరే చెప్పాడు. మరీ లావు కానివాటికే అది సరిపోతుందని కూడా చెప్పాడు. రెండు రోజులు చూసింది, పగల్లేదు. మసి కడిగి ఇచ్చేసింది.

నక్షత్రం ఎత్తిన నాలుగో రోజు, పాటల ప్రాక్టీసు జరుగుతుంటే ఆ చుక్క కొక్కెం దగ్గర చీలి కిందపడింది. కింద కూర్చుని పాడుతున్న చిన్నపిల్ల డెబోరా మోకాలికి జానెడు దూరంలో. రెబెక్కమ్మ ముక్కలను చేతిరుమాల్లో మూటగట్టుకుని తనే తెచ్చింది. నిష్ఠూరమేమీ ఆడలేదు.

"బెన్హర్ చేసినవి పదేళ్ళుగా ఆడనే ఉండాయి గదమ్మా. ఇదీ అట్టనే ఉంటాదనుకున్నాం," అంది. పండగకు ఇంకా పది రోజులున్నాయనీ, వీలు కాకపోతే పదకొండుతోనే సరిపెట్టుకుంటామనీ చెప్పి వెళ్ళింది.

ఎలిశబెతు రుమాలు విప్పి చూసింది.

"మాగబెట్టలా?"

"లేదత్తా."

"పిల్లోళ్ళ నెత్తిన పడుంటే?"

అత్త ముక్కలను ఒక్కొక్కటే చాటలోకి ఏరింది. తలెత్తకుండానే అంది.

"వచ్చిందాకా తియ్యబాక అన్న్యాడని నాకూ తెలుసు. నేనూ ఆడనే ఉన్న్యా గదా. వాడొచ్చినాడు మే. అంబులెన్సులో వచ్చినాడు. ఈ వరండాలోనే పండబెట్టినాం."

ఏంజెలిన్ వరండా వైపు చూసింది. అక్కడ అత్త ఆరబోసిన చింతపండు ఉంది.

మర్నాడు పొద్దున ఆమె గోనెపట్టా తీసింది. దుమ్ము లేచింది. మూత తీసి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. బూడిద చల్లగా ఉంది. చల్లగా కాక ఇంకెట్లా ఉంటుంది. అయినా చెయ్యి ఒక్క క్షణం వెనక్కి వచ్చింది.

లోపల మూడు గాజు కడ్డీలున్నాయి. రొయ్యపిల్లల హేచరీ వాళ్ళ ల్యాబులో మందునీళ్ళు కలిపే కడ్డీలు, చివర వంపుతో. వాళ్ళు ఎప్పుడో వేరేచోట కొనుక్కుని ఉంటారు. ఇంకేమన్నా ఉందేమోనని అడుగుదాకా వెతికింది. ఏమీ లేదు. బల్లి గుడ్ల పెంకులు రెండు వచ్చాయి. కడ్డీలను కొంగుతో తుడిచి వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక్కదానికీ గీత లేదు. చెక్క మీద వరసగా పెట్టింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడింది. రాలేదు. జల్లెడ తెచ్చి బూడిద జల్లించి బాన నింపింది, పొయ్యిలో ఊక పోసి అంటించింది.

మధ్యాహ్నానికి బాన కాగింది. ఒకటి పోతే ఒకటుంటుందని రెండు చుక్కలు చేసి పూడ్చి, మూత పెట్టి, గోనె కప్పింది. సాయంత్రం ఎలిశబెతు కాఫీ గ్లాసుతో వచ్చి బాన దగ్గర వంగింది.

"తియ్యబాక అత్తా."

"నేనెందుకు తీస్తా. ఆ పని చేసేది నువ్వు గదా," అని ఆమె గ్లాసు చేతికిచ్చి పోయింది. కాఫీలో చక్కెర ఎక్కువైంది. ఏంజెలిన్ ఆ సంగతి గమనించి, ఇంకో గుక్క తాగి చూసింది. ఎక్కువే.

తెల్లవారి ఆమె మూత తీసింది. పైబూడిద చల్లారింది. వేళ్ళతో తడుముతూ లోపలికి పోయేకొద్దీ, అడుగున ఇంకా గోరువెచ్చగా ఉంది. రెండు చుక్కలూ చేతికి తగిలాయి. నున్నగా, నిండుగా ఉన్నాయి.

"పగిలిందా?" వరండాలోంచి అత్త అడిగింది.

"లేదు."

"మరి తియ్యి."

"ఉండత్తా," అంది ఏంజెలిన్. ఆ వెచ్చదనంలో చెయ్యి అట్లాగే ఉంచుకుని కూర్చుంది.