మూల నిలబడ్డవాళ్ళు

భీమవరం పరిసరాల్లో ఒక పెద్దమనిషికి జబ్బు చేసిందంటే ఆ కబురు అంబులెన్సు కంటే ముందే ఊళ్ళన్నీ తిరిగి వస్తుంది. కబురు వెనక మనుషులు, మనుషుల వెనక కొబ్బరి బోండాలు, బత్తాయిల సంచులు వస్తాయి. రోగి వాటిని తాగగలడా, తినగలడా అన్నది ఎవరికీ పట్టదు. వచ్చినవాళ్ళు గోడ వారగా నిలబడి రోగిని ఎగాదిగా చూస్తారు. "ఎలాంటి మనిషి ఎలా అయిపోయారండీ" అని పక్కవారి చెవిలో ఊదుతారు. కాఫీ తాగి వెళ్ళిపోతారు. దీన్ని మనం పరామర్శ అంటాం. ఇందులో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఉంది. కాకపోతే అది మంచానికి అల్లంత దూరంలోనే ఆగిపోతుంది.

వెంకటపతిరాజు గారి గదిలోనూ అదే జరుగుతోంది. ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులున్న ఆసామీ ఆయన. డెబ్బై దాటినా చెరువు గట్టు మీద కుర్రాడిలా తిరిగే మనిషికి వానాకాలం జలుబు కాస్తా నిమ్ములోకి దిగింది. భీమవరం ఆస్పత్రిలో చేర్చారు. మందులు పనిచేశాయి, జ్వరం దిగింది. ఇంక ఫరవాలేదు అనుకుంటుండగా మనిషి మాట తేడాగా వచ్చింది. కొడుకుని పట్టుకుని "ఎవరు బాబూ నువ్వు?" అన్నారు. సందె చీకట్లు పడే వేళకి ఈ తేడా మరీ ఎక్కువయ్యేది.

ఆయన భార్య జానకీదేవి తలుపు పక్కన నిలబడి ఉంది, భుజాల నిండా పమిట కప్పుకుని. గదిలో మరిదిగారు, వేలువిడిచిన బావగార్లు, వరసకు మామలు కూర్చున్నప్పుడు ఆమె మంచం దగ్గరికి వెళ్ళదు. వెళ్ళకూడదని ఇప్పుడెవరూ చెప్పలేదు. ఎప్పుడో కాపరానికి వచ్చిన కొత్తలో చెప్పారు, అది ఒంట్లో ఇంకిపోయింది. మగవాళ్ళ ముందు మొగుడి చేయి ముట్టుకోవడం ఆమెకి తెలియని విద్య. అన్నీ కొడుకు సందీప్, ఆస్పత్రి కుర్రాళ్ళు చూసుకుంటున్నారు.

ఆ సాయంత్రం రాజుగారు తలెత్తి గది మూలకి చూశారు.

"ఆ మూల నిలబడ్డవాళ్ళెవరు? ఎందుకలా చూస్తున్నారు? పొమ్మనండి."

ఈ మాటలు జానకీదేవి ఇదివరకు విన్నవే. అక్షరం పొల్లు పోకుండా ఇవే మాటలు.

ఆమె కొత్త కోడలిగా ఉన్నప్పుడు మామగారు పెరటి వైపు గదిలో మంచాన పడ్డారు. సందె వేళ కాగానే ఆయన మూలకి చూపించి ఇలాగే అరిచేవారు. గాలి సోకిందన్నారు. ఎవరినో పిలిపించి తాయెత్తు కట్టించారు. వెలుగు తగలకూడదని కిటికీలు మూశారు, పగలగొడతారని కళ్ళజోడు తీసి గూట్లో పెట్టేశారు, మంచానికి చేతులు కట్టేశారు. ఆయన ఎవరినీ గుర్తుపట్టకుండానే పోయారు. ఆ గదిని తరవాత రొయ్యల మేత బస్తాలకి ఇచ్చేశారు. ఇప్పటికీ ఆ ఇంట్లో దీపాలు పెట్టే వేళ ఎవరూ అటు వెళ్ళరు. జానకీదేవి అయితే ఆ గది ముందు నుంచి నడిచినప్పుడల్లా తల దించుకునే వెళుతుంది, మూల చూడాల్సి వస్తుందేమోనని.

ఇప్పుడు ఆ మూల భీమవరం దాకా వచ్చింది.

"నాన్నగారికీ ఇంతేగా వదినగారూ," అన్నారు మరిదిగారు మెల్లగా. "మన వంశానికి పట్టిన గాలి ఇది. తాయెత్తు కట్టే ఆయన ఒకరున్నారు, కబురు పెట్టమంటారా?"

ఈ లోపల రాజుగారు ముక్కు మీది ఆక్సిజన్ మాస్కు లాగేశారు. చేతికున్న సూది ఊడి దుప్పటి మీద నెత్తురు పడింది. "ఏరేటర్లు ఆగిపోయాయిరా. జనరేటర్ వెయ్యండి. రొయ్య పైకి తేలిపోతోంది," అని చెరువు గట్టు మీద ఉన్నట్టే లేవబోయారు. నలుగురు పట్టుకుంటే తప్ప ఆగలేదు. చివరికి మాస్కు మళ్ళీ పెట్టి, గుడ్డ పట్టీలతో చేతులు మంచానికి కట్టారు. ఆ కట్లు చూసి జానకీదేవి గోడకి ఆనుకుంది. మామగారి మణికట్ల మీది నల్లటి వాతలు ఆమెకి కళ్ళకు కట్టాయి.

డాక్టర్ యుగంధర్ గారు వచ్చి చూశారు. సందీప్ ఆయనకి ఎదురెళ్ళాడు.

"ఏదైనా గట్టి ఇంజక్షన్ చెయ్యండి డాక్టరు గారూ. పడుకుంటారు కదా."

"పడుకుంటారండి. కానీ ఇప్పుడున్న స్థితిలో మత్తు ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. ఇలా మాస్కు లాగేస్తూ ఉంటే రేపు ఐసీయూలోకి మార్చి గొంతులో గొట్టం వెయ్యాల్సి వస్తుంది. ఈ వయసులో దాని నుంచి బయటికి రావడం తేలిక కాదు. అంతదాకా పోనివ్వకూడదని నా ప్రయత్నం." ఆయన మరిదిగారి వైపు తిరిగారు. "ఇది గాలీ కాదు, ధూళీ కాదండి. సంధి. మన పెద్దలు వాడిన మాటే. జబ్బు, వయసు, కొత్త చోటు, నిద్ర లేకపోవడం, అన్నీ కలిస్తే మెదడు దారి తప్పుతుంది. నిమ్ముకి మందులు ఆపడం లేదు, అవి నడుస్తాయి. వాటితో పాటు నర్సు రూబీ గారు కొన్ని చెబుతారు, అవి మీరు చెయ్యాలి."

"నర్సు చెప్పినవి చేస్తే సంధి తగ్గుతుందాండి?" అన్నాడు సందీప్. వాడిని అని లాభం లేదు. సూది గుచ్చితే వైద్యం, సెలైన్ కడితే గొప్ప వైద్యం, మిగతావన్నీ కబుర్లు అనుకునేవాళ్ళం మనం ఊరికి ఎంతమంది లేము?

రూబీ మంచం దగ్గర వంగి రాజుగారి ముఖం చూసింది.

"ఈయన కళ్ళజోడు పెట్టుకుంటారాండి?"

"అది లేకపోతే ఎదుటి మనిషి ఆనడండి," అంది కోడలు హైమ. "చెవికి మెషీన్ కూడా ఉంది. ఆస్పత్రిలో పోతాయని రెండూ ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో పెట్టేశాను." ఎంత జాగ్రత్తగా పెట్టానో అన్న తృప్తి ఆమె గొంతులో ఉంది. ఒక్క క్షణానికి ఆ తృప్తి తనంతట తనే జారిపోయింది.

"తెప్పించండమ్మా," అంది రూబీ అంతకంటే ఏమీ అనకుండా. కిటికీ పరదాలు లాగేసింది. బయట ఇంకా కాస్త వెలుతురుంది. "ఇంత మంది వద్దండి, దయచేసి బయట కూర్చోండి. ఇప్పుడు ఈ కట్లు విప్పాలి. విప్పాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చేయి పట్టుకోవాలి. నేను కూర్చోలేను, ఈ వరసలో గదులన్నీ నావే."

"మనిషిని పెడతామండి," అన్నాడు సందీప్.

"కొత్తవాళ్ళు వద్దండి. ఆయన భయమే కొత్తవాళ్ళు. ఇదంతా అందరికీ ఒక్కలాగే పనిచేస్తుందని నేను మాట ఇవ్వలేను. చాలామందికి నెమ్మది వచ్చింది. చేసి చూద్దాం."

సందీప్ కారు వేసుకుని ఇంటికెళ్ళి కళ్ళజోడు, చెవి మెషీన్ తెచ్చాడు. రూబీ వాటిని ఆయనకి పెట్టింది. కట్లకి చేయి వేసి, "ఎవరు కూర్చుంటున్నారండి?" అని అడిగింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తలుపు పక్క నుంచి జానకీదేవి కదిలింది. మరిదిగారు ఇంకా కుర్చీలోనే ఉన్నారు. ఆమె ఆయన ముందు నుంచే నడిచి వెళ్ళి మంచం మీద, భర్త పక్కన కూర్చుంది. మరిదిగారు తల తిప్పుకుని, లేచి బయటికి వెళ్ళిపోయారు. ఆయన సిగ్గుపడ్డారో, నొచ్చుకున్నారో ఆమె చూడలేదు. రూబీ రెండు కట్లూ విప్పగానే భర్త చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏమండీ."

రాజుగారు చేయి వెనక్కి లాక్కున్నారు.

"ఏమండీ, నేనండీ."

ఆయన చూపు ఆమెని దాటి పోయింది. పొద్దున సూది గుచ్చిన అమ్మాయి "ఏమండీ" అంది. నెత్తురు తీసుకున్న కుర్రాడూ అన్నాడు, గది తుడిచే మనిషీ అంది. ఏమండీ అనని వాళ్ళు గోదావరి జిల్లాల్లో ఎవరున్నారు?

"పేరు పెట్టి పిలవండమ్మా," అంది రూబీ.

ఆ పేరు జానకీదేవి ఒక్కసారే పలికింది. పెళ్ళయి అత్తింటి గడప తొక్కేటప్పుడు ఆడపడుచులు దారి అడ్డగించి, పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమంటే, తల వంచుకుని చెప్పింది. అంతే. తరవాత ఆధార్ కార్డు దగ్గరైనా కొడుకే చెప్పాడు. ఆయనా అంతే. "ఇదిగో" అనేవారు, "మీ అమ్మేదిరా" అనేవారు. ఒకే కంచం దగ్గర ఒకరు వడ్డించి, ఒకరు తిని ముసలివాళ్ళయిపోయిన ఇద్దరికీ ఒకరి పేరు ఒకరి నోట వినడం తెలియదు. దాన్ని మర్యాద అనుకున్నారు.

రాజుగారి చూపు మళ్ళీ మూలకి పోతోంది. ఇంకో చేయి మాస్కు కోసం లేస్తోంది.

"వెంకటపతిరాజు గారూ," అంది జానకీదేవి.

లేచిన చేయి ఆగింది.

"వెంకటపతిరాజు గారూ, నేను జానకిని. మనం భీమవరంలో ఆస్పత్రిలో ఉన్నాం. మీకు నిమ్ము చేసింది, తగ్గుతోంది. ఇప్పుడు రాత్రయింది. మన సందీప్ ఇదిగో, మీ కాళ్ళ దగ్గర ఉన్నాడు. ఆ మూల ఎవరూ లేరు. నేనున్నాను."

కళ్ళజోడు వెనక ఆయన కళ్ళు ఆమె ముఖం మీద వెతుక్కుంటూ తిరిగాయి. చాలాసేపటికి నిలిచాయి.

"జానకీ," అన్నారు. "ఏరేటర్లు తిరుగుతున్నాయా? చప్పుడు లేదేంటి?"

ఆమెకి అప్పుడు అర్థమైంది. రొయ్యల రైతు నిద్ర అందరి నిద్ర లాంటిది కాదు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ తిరుగుతూ చప్పుడు చేస్తుంటేనే అతనికి కన్ను పడుతుంది. చప్పుడు ఆగిందంటే చెరువులో రొయ్యకి ఊపిరి ఆగినట్టే. అలాంటి మనిషిని తెచ్చి, రోగికి నిశ్శబ్దం మంచిదని ఏసీ గదిలో తలుపులు బిగించి పడుకోబెట్టారు. ఆయనకి ఆ నిశ్శబ్దం శవం లేచిన ఇల్లులా వినబడి ఉంటుంది.

"త్రిమూర్తులుకి ఫోన్ చెయ్యి బాబూ," అంది కొడుకుతో. "ఫోను చెరువు వైపు పట్టుకోమను."

గట్టు మీద కాపలా ఉండే త్రిమూర్తులు ఏమీ అడక్కుండా ఫోను పట్టుకున్నాడు. గదిలోకి ఏరేటర్ల చప్పుడు వచ్చింది, నీళ్ళు చిలుకుతున్న ఆ ఒకే తీరు మోత. రాజుగారు చెవి ఒగ్గి విన్నారు. బిగుసుకున్న భుజాలు నెమ్మదిగా దిగాయి.

"రెండో చెరువుది బేరింగు అరుస్తోందిరా," అన్నారు.

"అవునండి రాజుగారూ, పొద్దున్నే మార్పిస్తానండి ఆయ్," అన్నాడు త్రిమూర్తులు ఫోనులో. సందీప్ గబుక్కున కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

మాస్కు ఆయన ముఖం మీదే ఉంది. ఆమె చేతిలో చేయి పెట్టుకుని నిద్రపోయారు.

ఒక్క పూటలో అంతా నయమైపోయిందని చెబితే అబద్ధం. మర్నాడు మళ్ళీ తడబడ్డారు, ఆమె మళ్ళీ పేరు పెట్టి పిలిచింది. పగలు కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. సందె వేళకి గోరువెచ్చటి నూనె పాదాలకి రాయడం రూబీ హైమకి నేర్పింది. సందీప్ చెరువు చప్పుడు రికార్డు చేసి పడుకునే ముందు సన్నగా పెట్టేవాడు. ఊపిరితిత్తులని మందులు బాగుచేశాయి. ఆ మందులు పనిచేసేదాకా మనిషిని మనిషిగా నిలిపి ఉంచినవి మాత్రం ఇవే. గొట్టం అవసరం పడలేదు.

ఇంటికి వచ్చాక ఒక రోజు అన్నం తింటూ రాజుగారు తనే ఎత్తారు ఆ మాట.

"ఆస్పత్రిలో నాకు కనిపించినవాళ్ళు ఎవరో గాని, ఇంకా మరిచిపోలేకపోతున్నాను. తెల్లబట్టలు. ముఖాలు లేవు. గోడకి ఆనుకుని నన్నే చూస్తారు, పెదాలు కదుపుతారు, మాట బయటికి రాదు. నేను పిలిస్తే ఒక్కరూ దగ్గరికి రారు. తలుపు దగ్గర ఒక ఆడమనిషి ఉండేది, ముసుగులా కప్పుకుని. ఆవిడంటే మరీ భయం వేసేది."

జానకీదేవి చేతిలో గరిటె ఆగిపోయింది.

తెల్ల చొక్కాలు, తెల్ల పంచెలు. గోడ వారగా గుసగుసలు. కళ్ళజోడు లేని మనిషికి ముఖాలెక్కడ కనిపిస్తాయి? చెవి మెషీన్ లేని మనిషికి పెదాలు తప్ప మాటలెక్కడ వినిపిస్తాయి? తలుపు దగ్గర భుజాల నిండా పమిట కప్పుకుని నిలబడ్డ ఆడమనిషి ఎవరో ఆయనకి ఇప్పటికీ తెలియదు. ఆమెకి తెలుసు. చెప్పలేకపోయింది.

ఆ సాయంత్రం ఆమె పెరటి గది గడియ తీసింది. మేత బస్తాలు జరిపించి, ఏళ్ళ తరబడి మూసి ఉన్న కిటికీ తోసింది. గది మధ్యలో నిలబడి, ఇన్నేళ్ళుగా చూడని ఆ మూలకేసి చూసింది. హైమ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"దీపాలు పెట్టే వేళ ఇక్కడేంటి అత్తయ్యగారూ?"

"మామగారి మంచం ఇక్కడ ఉండేది. ఆ మూల మగవాళ్ళంతా నిలబడేవారు. నువ్వున్న చోట నేను నిలబడేదాన్ని. ఆయన పొమ్మన్నది మమ్మల్నే. కళ్ళు కనిపించక, మేమెవరమో తెలియక, బతిమాలుకుంటూ పోయారమ్మా ఆ పెద్దాయన."

హైమ గుమ్మం దాటి లోపలికి వచ్చి ఆమె చేయి పట్టుకుంది. జానకీదేవి ఆ చేతిని వదలకుండా అంది:

"మందు డాక్టరు గారు ఇస్తారు. కానీ రోగి గదిలోకి దయ్యాలు బయటి నుంచి రావు హైమా. దగ్గరికి వెళ్ళి, చేయి పట్టుకుని, నేను ఫలానా అని చెప్పనంతవరకూ మనమే దయ్యాలం."