నాలుగంటే నాలుగే

స్టౌర్‌బ్రిడ్జిలో స్కౌట్ల హాలు వెనకగదిలో, ఆ మంగళవారం ‘గ్లాస్ హెరాన్’ బ్యాండు ముసలాళ్లు నలుగురూ పాట మొదలుపెట్టి పదకొండోసారి ఆపేశారు. తప్పు ఈసారీ డ్రమ్ములదే. అంటే సెల్విన్‌దే.

పాట కష్టమైంది కాదు. అదే వచ్చిన చిక్కు. యాభై ఏళ్లుగా వీళ్లు ఏడు దెబ్బల లెక్కలో, పదకొండు దెబ్బల లెక్కలో, ఒక్కోటి ఇరవై నిమిషాలు సాగే పాటలు వాయించారు. వెండిరంగు అంగీలు తొడుక్కున్నారు, స్టేజీ నిండా పొగ వదిలారు. ఇప్పుడు గిటారు వాయించే లయొనెల్‌కి జ్ఞానోదయమైంది. ఇక హంగులొద్దు, మూడు నిమిషాల పాటలు చాలు, నాలుగు దెబ్బల్లో, గోడలు అదిరేలా అన్నాడు.

సెల్విన్ చేతులు వింటేగా! నాలుగు కొట్టి, తర్వాత మూడే కొట్టి, మళ్లీ మొదటికొచ్చేవి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, ఇరవై నాలుగో ఏట చెమటోడ్చి నేర్చుకున్నది. మరింత మొండిది.

“ఒరేయ్, నాలుగురా నాయనా! కుర్చీకి ఎన్ని కాళ్లుంటాయి?” అన్నాడు లయొనెల్.

“మా ఇంట్లో దానికి మూడే.”

“శనివారం ప్రోగ్రాం,” అన్నాడు లయొనెల్, గొంతు తగ్గించి. “అప్పటికి నీకు నాలుగు పట్టుబడకపోతే మా అల్లుడి డ్రమ్ మెషీను పెడతా. బొత్తాం నొక్కితే చాలు. లెక్క తప్పదు, టీ అడగదు. నువ్వు పక్కన నిలబడి గిలక్కాయ ఆడిద్దువుగానిలే.”

సెల్విన్‌కి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆ డ్రమ్ముల వెనక స్టూలు పోతే తనకి ఇంకేం మిగులుతుంది? మోకాలి నొప్పి తప్ప!

ఇంటికెళ్లి భార్య బెరిల్‌తో చెప్పుకుని ఏడ్చినంత పని చేశాడు. బెరిల్ పెళ్లినాటి నుంచీ ప్రతి ప్రోగ్రాంకీ వచ్చేది, ముందు వరసలో కూర్చుని స్వెట్టరు అల్లుకునేది. ఊళ్లో ఆడవాళ్లకి డాన్సు నేర్పే మనిషి, మొగుడి పాటకి మాత్రం ఒక్కసారీ లేవలేదు.

“నీ పాటకి ఆడాలంటే మనిషికి మూడున్నర కాళ్లుండాలయ్యా,” అంది ఆవిడ, టోస్టు మీద చీజు వేస్తూ. “రేపు నా క్లాసుకి రా. పాటల పెట్టె పాడైంది. నువ్వే వాయించు.”

బుధవారం పొద్దున అదే హాల్లో, కౌబాయ్ టోపీలు పెట్టుకున్న పదహారుమంది ముసలమ్మలు వరసలు కట్టారు. సెల్విన్ మొదలుపెట్టాడు. ఏడో దెబ్బ దగ్గర చేతులు పాత దారి పట్టాయి. ముందు వరస కుడికి తిరిగింది, వెనక వరస తిరగలేదు, ఒకరికొకరు గుద్దుకుని టోపీలు గాల్లోకి లేచాయి.

“అబ్బాయ్!” అని అరిచింది ముందు వరసలోని పార్జెటరమ్మ, ఒక కాలు పైకెత్తి అలాగే నిలబడి. “దీన్ని ఎక్కడ దించమంటావు? నీ నెత్తినా?”

డెబ్బై నాలుగేళ్లకి అప్పుడు తెలిసొచ్చింది సెల్విన్‌కి, తను మింగేసిన దెబ్బ ఎవరో ఒకరి కాలని. లెక్క మానేసి, ఆ కాళ్లకేసి చూస్తూ వాయించాడు. గురువారం, శుక్రవారం కూడా వెళ్లాడు. శుక్రవారం ఒక్క టోపీ కూడా ఎగరలేదు.

శనివారం మధ్యాహ్నం ప్రోగ్రాం జరిగే క్లబ్బు నిండింది. తెల్లగడ్డాల అభిమానులు చేతులు కట్టుకుని, పరీక్ష పేపరు దిద్దే మేస్టర్లలా నిలబడ్డారు. స్టేజీ మూల అల్లుడు మెషీను మీద వేలు పెట్టి సిద్ధంగా ఉన్నాడు.

పాట మొదలైంది. నాలుగు. మళ్లీ నాలుగు. సెల్విన్ లెక్కని రాయిలా నిలబెట్టాడు. రెండో చరణంలో చూడండి వింత, లయొనెలే తనకి తెలియకుండా ఏడులోకి జారిపోయాడు!

“కుర్చీకి ఎన్ని కాళ్లురా?” అని కేకేశాడు సెల్విన్. లయొనెల్ సిగ్గుపడి దారికొచ్చాడు. అల్లుడు మెషీను మీంచి వేలు తీసేశాడు.

ఆ సంబరంలో సెల్విన్ ముందు వరసకేసి చూశాడు. బెరిల్ కుర్చీ ఖాళీ. దాని మీద ఊలు ఉండ, సూదులు. ఇంత బాగా వాయించిన రోజే వెళ్లిపోయిందా?

వెళ్లలేదు. గడ్డాలవాళ్లని అటూ ఇటూ తోసి, పార్జెటరమ్మని పక్కన పెట్టుకుని, హాలు మధ్యలో ఆడుతోంది. మొహం ఎర్రగా కందిపోయింది, జుట్టుముడి ఊడిపోయింది.

పాట ముగింపుకొచ్చిందని లయొనెల్ చెయ్యెత్తాడు.

“ఆపావంటే చంపేస్తా సెల్విన్!” అని అరిచింది బెరిల్. “యాభై ఏళ్లు కూర్చున్నానయ్యా!”

సెల్విన్ ఆపలేదు. మూడు నిమిషాల పాట ఆరోజు ఇరవై రెండు నిమిషాలు సాగింది.